84 శాతం అంటే మంచి మార్కులే కదా, మరి అమ్మకు ఆయాసం ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న:

డాక్టర్ గారికి నమస్కారం. మా అమ్మ వయసు 61. నాలుగేళ్ళుగా హార్ట్ ఫెయిల్యూర్‌కి మందులు వాడుతోంది. యాంజియోగ్రామ్‌లో రక్తనాళాల్లో అడ్డంకులేమీ లేవన్నారు. ఈసీజీలో లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్, క్యూఆర్ఎస్ 158 అని రాశారు. గుండె పంపింగ్ 26 శాతం. ఏడు నెలల కిందట మూడు తీగల పేస్‌మేకర్ పెట్టారు, సీఆర్‌టీ అంటారట. షాక్ ఇచ్చే రకం కాదు. మొదటి నెలన్నర అమ్మ చాలా బాగుంది. ఆగకుండా మెట్లెక్కేది. తర్వాత మళ్ళీ మొదటికొచ్చింది. ఇప్పుడు స్నానం చేసి వచ్చేసరికే ఆయాసపడుతోంది. పోయిన నెల ఎకో తీస్తే పంపింగ్ 27.

పెట్టిన కొత్తలో ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే పొట్ట పైభాగం టకటకా ఎగిరేది. రెండో నెల చెకప్‌లో వోల్టేజి తగ్గిస్తే ఆగిపోయింది. అప్పుడప్పుడు దడగా ఉందంటుంది. పోయిన వారం చెకప్ కాగితంలో బైవెంట్రిక్యులార్ పేసింగ్ 84 శాతం అని ఉంది. మిషన్ బాగానే ఉందనీ, ముగ్గురిలో ఒకరికి ఇది పనిచేయదనీ, అమ్మ ఆ ఒకరిలో ఉందనీ చెప్పారు. బీపీ తక్కువగా ఉందని అప్పట్లో సగానికి తగ్గించిన బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) ఇప్పటికీ అంతే వాడుతోంది.

ఇది తీయించేసి కొత్తరకం లెఫ్ట్ బండిల్ పేసింగ్ పెట్టిద్దామంటున్నాడు మా అన్నయ్య. ఏం చేయమంటారు? ఇంకో మాట. మా మామగారికి పాత హార్ట్ ఎటాక్ ఉంది, పంపింగ్ 30, క్యూఆర్ఎస్ 104. ఆయనకి కూడా ఇలాంటిదే పెట్టించాలా?

- ఒక కూతురు

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకే వాక్యం దగ్గర ఆగాను. "మొదటి నెలన్నర అమ్మ చాలా బాగుంది" అన్నారు చూడండి, అక్కడ. పంపింగ్ ఎంత, క్యూఆర్ఎస్ ఎంత అన్న అంకెలకన్నా నాకు ఆ వాక్యమే ఎక్కువ చెప్పింది. కొత్తగా మిషన్ పెట్టారన్న ధైర్యంతో కొంత హుషారు ఎవరికైనా వస్తుంది, కాదనను. కానీ ఆగకుండా మెట్లెక్కిన మనిషి రెండో నెల చెకప్ తర్వాత మళ్ళీ ఆయాసంలోకి జారిపోయిందంటే, ఆ చెకప్‌లో ఏం మారిందో చూడకుండా "మీ అమ్మకిది పనిచేయదు" అనేయడం తొందరపాటు. మిషన్ పనిచేయని గుండె వేరు, మిషన్ చేసే వైద్యం సరిగ్గా అందని గుండె వేరు. మీ అమ్మగారిది రెండోది అయ్యుండొచ్చని నా అనుమానం. ఎందుకలా అనుకుంటున్నానో వివరంగా చెబుతాను, ఎందుకంటే రేపు మీరు డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్నలు అందులోంచే వస్తాయి.

తడిసిన దుప్పటిని ఇద్దరు చెరో కొస పట్టుకుని పిండుతున్నారనుకోండి. ఇద్దరూ ఒకేసారి మెలిపెడితే నీళ్ళు ధారగా కారతాయి. ఒకరు మెలిపెట్టి వదిలేశాక రెండోవాళ్ళు మొదలుపెడితే, బలం ఇద్దరిదీ ఖర్చవుతుంది, దుప్పటి మాత్రం తడిగానే ఉంటుంది. గుండె ఎడమ జఠరికకి కరెంటు తీసుకెళ్ళే దారి మూసుకుపోవడమే లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్. కరెంటు కుడివైపు నుంచి కండరం మీదుగా మెల్లగా పాకుతూ రావాలి. మధ్య గోడ ముందే ముడుచుకుంటుంది, ఎడమ పక్క గోడ చివరికి ముడుచుకుంటుంది. ఈలోపు రక్తం బయటికి పోవాల్సింది పోయి లోపలే అటూ ఇటూ ఊగుతుంది.

ఆ ఆలస్యం ఎంతో ఈసీజీ కాగితం మీద మీరే చూడొచ్చు. మామూలు వేగంతో తీసిన ఈసీజీలో ఒక చిన్న గడి 40 మిల్లీసెకన్లు. ఆరోగ్యంగా ఉన్న గుండెలో క్యూఆర్ఎస్ గీత, అంటే జఠరికలంతటా కరెంటు పాకేటప్పుడు పడే గీత, రెండు, రెండున్నర గడుల్లో అయిపోతుంది. మీ అమ్మగారి 158 మిల్లీసెకన్లంటే దాదాపు నాలుగు గడులు. ఆ పాత ఈసీజీ ఎక్కడున్నా వెతికి తీసి పెట్టండి, దాంతో పని ఉంది.

సీఆర్‌టీ చేసేది ఆ రెండు కొసలనీ ఒకేసారి మెలిపెట్టించడం. ఒక తీగ కుడి కర్ణికలో ఉంటుంది, ఒకటి కుడి జఠరికలో. మూడోది గుండె వెనక వైపు సిరల్లోంచి వెళ్ళి ఎడమ జఠరిక బయటి గోడ మీద కూర్చుంటుంది. వైద్యానికి ప్రాణం ఈ మూడో తీగే. మొదటి రెండూ మామూలు పేస్‌మేకర్లలో కూడా ఉంటాయి.

ఇది ఎవరికి బాగా పనిచేస్తుందో ఇరవై ఏళ్ళకి పైగా పరిశోధనల్లో చూస్తూనే ఉన్నాం. 2005లో వచ్చిన కేర్ హెచ్‌ఎఫ్ పరిశోధనలో 813 మంది ఉన్నారు. వాళ్ళకి పెట్టింది కూడా మీ అమ్మగారికి పెట్టినట్టే షాక్ ఇవ్వని రకం. సుమారు రెండున్నరేళ్ళలో మందులు మాత్రమే వాడినవాళ్ళలో 30 శాతం మంది చనిపోతే, మందులతో పాటు ఈ పేస్‌మేకర్ కూడా ఉన్నవాళ్ళలో 20 శాతం మంది చనిపోయారు. 2009 నాటి మాడిట్ సీఆర్‌టీ పరిశోధనలో 1820 మందిని చూస్తే, మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి ఎక్కువ మేలు జరిగింది. లెఫ్ట్ బండిల్ బ్లాక్ ఉండటం, క్యూఆర్ఎస్ 150 దాటడం, హార్ట్ ఎటాక్ మచ్చ లేకపోవడం, స్త్రీ కావడం... మంచి ఫలితాన్ని సూచించే లక్షణాలివి. నాలుగూ మీ అమ్మగారిలో ఉన్నాయి. అంటే మీ డాక్టర్లు మనిషిని సరిగ్గానే ఎంచుకున్నారు. అందులో తప్పేమీ జరగలేదు.

ముగ్గురిలో ఒకరికి ఆశించినంత ఫలితం రాదన్న మాట నిజమే. కానీ ఆ లెక్క గుంపుది. అందులో మొదటినుంచీ ఈ వైద్యానికి సరిపడనివాళ్ళున్నారు, తీగ సరైన చోట కూర్చోనివాళ్ళున్నారు, సెట్టింగ్ కుదరనివాళ్ళున్నారు, లయ తప్పినవాళ్ళున్నారు. జబ్బు బాగా ముదిరి, ఇంకా దిగజారకుండా నిలబడటమే లాభమైనవాళ్ళు కూడా ఉన్నారు. మీ అమ్మగారు ఏ కారణంతో అందులో చేరారో తేల్చకుండా ఆ లెక్కని ఆవిడ మీద పెట్టకూడదు.

ఇప్పుడు ఆ 84 సంగతి. బైవెంట్రిక్యులార్ పేసింగ్ శాతం అంటే, మొత్తం బీట్లలో మిషన్ తన కరెంటుతో రెండు జఠరికలనీ కలిపి కొట్టించినవి ఎన్ని అని. పరీక్షల్లో అయితే 84 మంచి మార్కులే. ఇక్కడ అది చాలా తక్కువ. గుండె రోజుకి సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది. 84 శాతం అంటే రోజూ పదహారు వేల బీట్లు మిషన్ సాయం లేకుండా, పాత పద్ధతిలోనే, రెండు కొసలూ వేర్వేరుగా పోతున్నాయన్నమాట. 2011లో దాదాపు 37 వేల మంది సీఆర్‌టీ పేషెంట్ల రికార్డులు చూశారు. పేసింగ్ 98 శాతం దాటినవాళ్ళలో మరణాలు అందరికన్నా తక్కువ. అందుకే మేం 98కి పైన, వీలైతే వందకి దగ్గరగా ఉండాలని చూస్తాం. 84 చూసి "బాగానే ఉంది" అన్నారంటే, మిషన్ బ్యాటరీ, తీగలు బాగున్నాయని వాళ్ళ ఉద్దేశం అయ్యుండాలి. వాటి ఆరోగ్యం వేరు, మీ అమ్మగారికి అందుతున్న వైద్యం వేరు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ 84 కూడా పూర్తిగా నిజం కాకపోవచ్చు. మిషన్ లెక్కపెట్టేది తను పంపిన కరెంటుని. అది కండరాన్ని నిజంగా కదిలించిందా అన్నది చాలావరకు ఆ లెక్కలోకి రాదు. గుండె తన సొంత కరెంటుతో అప్పటికే సగం ముడుచుకున్నాక మిషన్ పంపినా సరే, "పేస్ చేశాను" అనే రాసుకుంటుంది.

ఇక్కడే పొట్ట ఎగరడం సంగతి చూడాలి. ఎడమ జఠరిక మీది తీగకి ఆనుకుని ఫ్రెనిక్ నరం వెళ్తుంది. ఊపిరి పీల్చడానికి వాడే డయాఫ్రం కండరాన్ని నడిపే నరం అది. తీగలోని కరెంటు దానికి తగిలితే ప్రతి బీటుకీ డయాఫ్రం అదురుతుంది. ఎక్కిళ్ళలా ఉంటుంది, ఒక పక్కకి పడుకున్నప్పుడు ఎక్కువవుతుంది. ఇది చాలామందికి ఎదురయ్యే ఇబ్బందే. వోల్టేజి తగ్గిస్తే ఆగుతుంది. కానీ వోల్టేజి మరీ తగ్గిపోతే గుండె కండరానికి కూడా కరెంటు చాలదు. అప్పుడు మూడో తీగ ఉండీ లేనట్టే. మిషన్ మాత్రం యథాప్రకారం పేసింగ్ లెక్క రాసుకుంటూ పోతుంది. పైగా కుడి జఠరిక ఒక్కటే పేస్ అవుతుంటే గుండెకి మళ్ళీ లెఫ్ట్ బండిల్ బ్లాక్ లాంటి స్థితే వస్తుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. ఆయన కూడా మొదట బాగుపడి తర్వాత దిగజారారు. పడుకోబెట్టి పన్నెండు లీడ్ల ఈసీజీ తీసి, మిషన్ పెట్టిన మర్నాడు తీసిన ఈసీజీ పక్కన పెట్టాను. మూడో తీగ పనిచేస్తుంటే మొదటి లీడ్‌లో గీత సాధారణంగా ముందు కిందికి దిగుతుంది, ఎందుకంటే కరెంటు ఎడమ నుంచి కుడికి పోతుంది. పాత కాగితంలో అలాగే దిగింది. కొత్త కాగితంలో దిగకుండా నేరుగా పైకి లేచింది. ప్రోగ్రామర్‌తో, అంటే మిషన్ సెట్టింగులు బయటినుంచి మార్చే కంప్యూటర్‌తో, ఎడమ తీగ వోల్టేజిని కొంచెం కొంచెంగా పెంచుతుంటే ఒక చోట గీత రూపం ఠక్కున మారిపోయింది. ఆయన భార్య పక్కనే నిలబడి స్క్రీన్ చూస్తున్నారు. "ఇదిగో, మారిందండీ!" అని నాకన్నా ముందు ఆవిడే అన్నారు. ఆయనకి ఆపరేషన్ అవసరమే రాలేదు. తీగ మీద నాలుగు ఎలక్ట్రోడ్లున్నాయి. నరానికి దూరంగా ఉన్న ఎలక్ట్రోడ్‌కి మార్చి వోల్టేజి పెంచితే, గుండె అందుకుంది, పొట్ట ఎగరలేదు.

మీ అమ్మగారికీ అదే జరిగిందని చూడకుండా చెప్పలేను. కానీ బాగుపడటం, వోల్టేజి తగ్గించడం, దిగజారడం ఆ వరసలో జరిగాయి కాబట్టి మొదట తేల్చాల్సింది ఇదే. దీనికి కోత లేదు, నొప్పి లేదు, అరగంట పని. మీరు వెళ్ళి ఇలా అడగండి: "రెండో నెలలో ఎడమ తీగ వోల్టేజి తగ్గించారు. ఇప్పుడు ఆ తీగ నిజంగా గుండెని పట్టుకుంటోందా? పన్నెండు లీడ్ల ఈసీజీ పెట్టి చూస్తారా? ఈ తీగలో వేరే ఎలక్ట్రోడ్ వాడుకునే వీలుందా?" కొన్ని పాత రకం తీగల్లో రెండే ఎలక్ట్రోడ్లుంటాయి, వాటిలో వెసులుబాటు తక్కువ. మీ అమ్మగారికి ఇచ్చిన డివైస్ కార్డు మీద తీగ మోడల్ ఉంటుంది, పట్టుకెళ్ళండి.

ఇక దడ. ఇది 84కి సంబంధించిన ప్రశ్న. మిగిలిన 16 శాతం ఎటు పోతోంది? ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పే జబ్బు హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళలో చాలా ఎక్కువ. అది వచ్చినప్పుడు కర్ణికల నుంచి అడ్డదిడ్డంగా, వేగంగా బీట్లు దిగుతాయి, మిషన్‌కి తన వంతు అందకుండా పోతుంది. లేదా జఠరికల్లోంచే వచ్చే అదనపు బీట్లు కావచ్చు. ఈ రెండిట్లో ఏది ఎన్ని గంటలు ఉందో మిషన్ జ్ఞాపకంలో చాలావరకు ఉంటుంది, అడిగితే తీసి చూపిస్తారు. దానితో పాటు 24 గంటల హోల్టర్, అంటే ఒంటికి తగిలించి ఉంచితే ఈసీజీని ఆపకుండా రికార్డు చేసే చిన్న పరికరం, కూడా పెడితే మంచిది, అసలైన పేసింగ్ బీట్లు ఎన్నో, పేరుకి మాత్రమే పేసింగ్ అయినవి ఎన్నో అందులో తేలుతుంది.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని తేలితే పేసింగ్ లెక్కకన్నా ముందు ఇంకో ప్రశ్న అడగాలి: రక్తం గడ్డ కట్టకుండా మందు కావాలా అని. ఆ గడ్డ మెదడుకి వెళ్తే పక్షవాతం వస్తుంది, కాబట్టి దీన్ని వాయిదా వేయకండి. తర్వాత లయని అదుపు చేసే మందులు, అవి చాలకపోతే కాథెటర్ అబ్లేషన్, అంటే సన్నని గొట్టం గుండెలోకి పంపి లయ తప్పించే చోట్లని నిర్వీర్యం చేయడం. అదీ కుదరనప్పుడు పైనుంచి కిందికి కరెంటు దిగే ఏవీ నోడ్‌నే మూసేసి గుండెని పూర్తిగా మిషన్‌కి అప్పగించే పద్ధతి ఉంది. అప్పుడు పేసింగ్ దాదాపు వంద శాతానికి వెళ్తుంది. కానీ జీవితాంతం మిషన్ మీదే ఆధారపడాలి కాబట్టి అది బాగా ఆలోచించి, ఎడమ తీగ గట్టిగా పనిచేస్తోందని నిర్ధారించుకున్నాకే చేయాలి.

లయ సరిగ్గానే ఉండి కూడా పేసింగ్ తగ్గే దారి ఇంకొకటుంది. కర్ణిక కొట్టాక జఠరికలని పేస్ చేసేముందు మిషన్ ఎంతసేపు ఆగాలో ఒక సెట్టింగ్ ఉంటుంది, ఏవీ డిలే అంటాం. అది ఎక్కువైతే, మిషన్ ఆగేలోపు గుండె సొంత కరెంటు ముందే దిగిపోతుంది. కూర్చున్నప్పుడు సరిపోయిన సెట్టింగ్ మెట్లెక్కేటప్పుడు సరిపోకపోవచ్చు, ఎందుకంటే శ్రమలో సొంత కరెంటు వేగం పెరుగుతుంది. మిషన్ వెంబడించే గరిష్ఠ వేగానికి కూడా ఒక హద్దు ఉంటుంది. గుండె వేగం ఆ హద్దు దాటితే కొన్ని బీట్లు తప్పిపోతాయి. చెకప్‌లన్నీ పడుకోబెట్టి చేస్తాం కాబట్టి ఈ లోపం కనబడదు. అందుకే మీ అమ్మగారిని కాసేపు కారిడార్‌లో నడిపించి, ఆయాసం వచ్చేదాకా నడిచాక ఆ బీట్లని చూడమని అడగండి. అడిగితే విసుక్కుంటారేమోనని మొహమాటపడకండి.

అయితే ఎకో పెట్టి ప్రతి ఒక్కరికీ ఏవీ డిలే సవరించాలా అంటే, అక్కర్లేదు. అలా అందరికీ చేసి చూసిన పరిశోధనల్లో అదనపు లాభం కనబడలేదు. బాగున్నవాళ్ళని కదిలించక్కర్లేదు. ఫలితం రాని మీ అమ్మగారి లాంటివాళ్ళ విషయంలో మాత్రం కూర్చుని చూడటం అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

ఛాతీ ఎక్స్‌రే రెండు వైపుల నుంచీ తీయించండి, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. పక్క నుంచి తీసినదాంట్లో మూడో తీగ కొస వెన్నెముక వైపుకి, అంటే గుండె వెనక గోడ వైపుకి ఉండాలి. ముందుకి వచ్చేసినా, గుండె కింది మొన దగ్గరికి జారినా ఫలితం తగ్గుతుంది. పెట్టిన కొత్తలో తీసిన ఎక్స్‌రేతో పోలిస్తే తీగ కదిలిందో లేదో తేలిపోతుంది. తీగ నిజంగా జారి ఉంటే ప్రోగ్రామింగ్‌తో సరిపోదు, మళ్ళీ అమర్చాల్సిందే.

మందుల దగ్గరికి వస్తాను. బీటా బ్లాకర్ సగానికి తగ్గించడం అప్పటి బీపీకి సరైన పనే కావచ్చు. కానీ పేస్‌మేకర్ పెట్టాక చాలామందికి బీపీ కాస్త పెరుగుతుంది, గుండె వేగం మరీ పడిపోతుందన్న భయం ఉండదు. అందువల్ల అంతకుముందు పెంచలేని మందుల్ని ఇప్పుడు పెంచుకోవచ్చు. పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్ళ విషయంలో ఇది చాలాసార్లు మరుగున పడిపోతుంది. అందరి చూపూ మిషన్ మీదికి పోతుంది, మందుల చీటీ ఏడు నెలల కిందటిదే నడుస్తుంటుంది. బీటా బ్లాకర్ డోసు పెరిగితే సొంత కరెంటు కాస్త నెమ్మదించి పేసింగ్ శాతం కూడా పెరుగుతుంది, అదనపు బీట్లు తగ్గుతాయి. మిగతా మూడు రకాల మందులు, అంటే ఏఆర్‌ఎన్ఐ లేదా ఏసీఈ ఇన్హిబిటర్, స్పైరనొలాక్టోన్ లాంటిది, ఎస్‌జీఎల్‌టీ2 రకం, ఇవన్నీ ఉన్నాయో లేదో చీటీ చూపించి అడగండి. డోసులు మీ అంతట మీరు మార్చకండి. బీపీ, పొటాషియం, కిడ్నీ పరీక్ష చూసుకుంటూ మెట్టు మెట్టుగా పెంచాలి. రక్తహీనత, ఐరన్ లోపం, థైరాయిడ్ కూడా ఒకసారి చూపించండి. ఐరన్ తక్కువైతే ఎంత మంచి మిషన్ పెట్టినా స్నానానికే ఆయాసం వస్తుంది.

మీ అన్నయ్య చెప్పిన లెఫ్ట్ బండిల్ పేసింగ్ మంచి పద్ధతే, ఆయన ఊరికే అనలేదు. ఎడమ గోడ బయటినుంచి కాకుండా, మధ్య గోడలోకి తీగని దించి, మూసుకుపోయిన చోటుకి అవతల గుండె సొంత వైరింగ్‌నే పట్టుకునే పద్ధతి అది. 2017లో చైనా డాక్టర్లు మొదట వివరించారు. 2022లో వచ్చిన ఒక చిన్న పరిశోధనలో, హార్ట్ ఎటాక్ లేని లెఫ్ట్ బండిల్ బ్లాక్ ఉన్న 40 మందిలో, మూడు తీగల పద్ధతికన్నా దీనితో పంపింగ్ ఎక్కువ పెరిగింది. మీ అమ్మగారి లాంటి గుండెలే అవి. అయినా 40 మంది అంటే చిన్న సంఖ్య. ఎడమ సిరల్లో తీగకి చోటు దొరకనప్పుడు, ఉన్న తీగతో ఎంత చేసినా పని జరగనప్పుడు ఈ దారి పట్టడం సమంజసమే. కానీ అది రెండో ఆపరేషన్. మిషన్ ఉంచడానికి చర్మం కింద చేసిన పాత జేబుని మళ్ళీ తెరిచిన ప్రతిసారీ ఇన్ఫెక్షన్ ప్రమాదం మొదటిసారికన్నా ఎక్కువ. ప్రోగ్రామర్‌తో అరగంటలో సరిపోయేదేమో చూడకుండా కోతకి వెళ్ళొద్దని మీ అన్నయ్యకి చెప్పండి. ఈసీజీ, హోల్టర్, ఎక్స్‌రే అన్నీ చూశాక కూడా ఎడమ తీగ దారికి రాకపోతే, అప్పుడు ఆయన మాటే నా మాట.

మీ మామగారి విషయం పూర్తిగా వేరు. ఆయన పంపింగ్ 30, మీ అమ్మగారిది 26. అంకెలు దగ్గరగా ఉన్నాయి కదా, ఇద్దరికీ ఒకే వైద్యం అనిపించడం సహజం. కానీ ఆయన క్యూఆర్ఎస్ 104. అంటే ఆ గుండెలో కరెంటు రెండు వైపులకీ సమయానికే చేరుతోంది. రెండు కొసలూ ఒకేసారి మెలిపెడుతున్నాయి, బలం తగ్గింది అంతే. కలిసి కొడుతున్నదాన్ని మిషన్‌తో మళ్ళీ కలపబోతే చెడుతుంది. 2013లో ఎకో సీఆర్‌టీ అనే పరిశోధనలో క్యూఆర్ఎస్ 130 కన్నా తక్కువ ఉన్న 809 మందిని చూశారు. ఎకోలో గోడలు వేర్వేరుగా కదులుతున్నట్టు కనబడినవాళ్ళనే తీసుకున్నారు. అయినా సీఆర్‌టీ నడిపినవాళ్ళలో 11 శాతం మంది, నడపనివాళ్ళలో 6 శాతం మంది చనిపోయారు. పరిశోధనని మధ్యలోనే ఆపేశారు. కాబట్టి ఆయనకి సీఆర్‌టీ వద్దు. నాలుగు రకాల మందులు సరైన డోసులో కనీసం మూడు నెలలు వాడాక కూడా పంపింగ్ 35 దాటకపోతే, ఆకస్మిక మరణం నుంచి కాపాడే ఐసీడీ అనే షాక్ మిషన్ కావాలా అన్నది ఆయన డాక్టర్‌తో మాట్లాడాల్సిన వేరే ప్రశ్న. రేపెప్పుడైనా గుండె బాగా నెమ్మదించి మామూలు పేస్‌మేకర్ అవసరం పడితే మాత్రం, పంపింగ్ తక్కువున్న గుండెకి కుడివైపు ఒక్కదాన్నే ఎప్పుడూ పేస్ చేయడం మంచిది కాదు. అప్పుడు ఈ చర్చ మళ్ళీ చేయాలి.

సెట్టింగ్ మార్చిన మర్నాడే పంపింగ్ పెరగదు. నడక, నిద్ర, ఆయాసం కొన్ని వారాల్లో తేలికపడొచ్చు. ఎకోలో మార్పు చూడటానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆ ఎకోలో కూడా పంపింగ్ శాతం ఒక్కటే చూడకండి. ఎడమ జఠరిక ముడుచుకున్నప్పుడు లోపల మిగిలే రక్తం పరిమాణం 15 శాతం తగ్గినా గుండె స్పందించినట్టే లెక్క. మధ్యలో పేసింగ్ శాతం ఎంతుందో నెలకోసారైనా అడిగి కాగితం మీద రాసుకోండి.

ఈలోగా మూడు రోజుల్లో రెండు కిలోలకి మించి బరువు పెరిగినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, కళ్ళు తిరిగి పడిపోయినా, మిషన్ పెట్టిన చోట ఎర్రబడినా, వాచినా, చీము కారినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెళ్ళిపోండి.

చెకప్‌కి వెళ్ళేటప్పుడు మిషన్ పెట్టకముందు తీసిన ఈసీజీ, పెట్టిన మర్నాటి ఈసీజీ, అన్ని చెకప్ కాగితాలు, డివైస్ కార్డు, మందుల చీటీ ఒక కవర్లో పెట్టుకోండి. సెట్టింగ్ మార్చాక అక్కడే, మంచం మీదే, అమ్మగారిని ఎడమ పక్కకి తిరిగి పడుకోమని చెప్పి, గట్టిగా ఊపిరి పీల్చమనండి. పొట్ట ఎగురుతుందేమో ఆ అయిదు నిమిషాలూ చేయి వేసి చూడండి. అక్కడ ఎగిరితే అక్కడే ఇంకో ఎలక్ట్రోడ్‌కి మార్చొచ్చు. ఇంటికి వచ్చాక మళ్ళీ మొదలైనా సరే, డాక్టర్లని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఆవిడ ఓర్చుకోకుండా, ఆ రోజే మీకు చెప్పమనండి.